డీబీ2 డేటాను ఎస్‌ఎమ్‌ఎస్ నిర్వహణలోకి తేవడం: ప్రణాళిక దశ డైరీ

జూన్, మొదటి వారం

మా బృందం విజయవాడలో బెంజ్ సర్కిల్‌కు దగ్గరలో పనిచేస్తుంది. మేము చూసుకునే మెయిన్‌ఫ్రేమ్ మాత్రం అమెరికా తూర్పు తీరంలోని ఒక బీమా సంస్థది. ఆ యంత్రంలో టీఎస్‌ఓ ఫైళ్లు, బ్యాచ్ ఫైళ్లు, ప్రోగ్రామ్ లైబ్రరీలు చాలా ఏళ్ల కిందటే ఐబీఎమ్ స్టోరేజీ నిర్వహణ వ్యవస్థ డీఎఫ్‌ఎస్‌ఎమ్‌ఎస్ (క్లుప్తంగా ఎస్‌ఎమ్‌ఎస్) అజమాయిషీలోకి వెళ్లిపోయాయి. ఏ ఫైలు ఏ వాల్యూమ్ (డిస్కు) మీద ఉండాలో మనిషి చెప్పనక్కరలేదు. ముందే రాసి పెట్టిన విధానాలను బట్టి వ్యవస్థే నిర్ణయిస్తుంది. డీబీ2 అనే డేటాబేస్ వ్యవస్థ డేటా ఒక్కటే బయట ఉండిపోయింది. అది కూడా పూర్తిగా బయట లేదు. 2010లో వచ్చిన డీబీ2 10వ వెర్షన్ నుంచి కేటలాగ్, డైరెక్టరీ (డీబీ2 తన గురించి తాను రాసుకునే టేబుళ్లు) తప్పనిసరిగా ఎస్‌ఎమ్‌ఎస్ కింద, ఎక్స్‌టెండెడ్ ఫార్మాట్ ఉన్న డేటా క్లాస్‌తో (డేటాసెట్ లక్షణాల పట్టీతో) ఉండాలన్న షరతు రావడంతో అప్పట్లో ఉన్నవాళ్లు ఆ రెంటినీ మార్చి, అప్లికేషన్ టేబుల్‌స్పేసులను (టేబుళ్ల డేటా ఉండే చోట్లను), లాగులను (మార్పుల చిట్టాలను), బీఎస్‌డీఎస్‌లను (ఆ లాగుల జాబితా ఉండే ఫైళ్లను) యథాతథంగా వదిలేశారు. అంటే ఇల్లు సగం కొత్త పద్ధతిలో, సగం పాత పద్ధతిలో నడుస్తోంది.

ఇప్పుడు ఈ పని ఎత్తుకోవడానికి కారణం పాలసీ క్లెయిముల టేబుల్. దాని పార్టిషన్లలో (టేబుల్‌ను విడగొట్టిన ముక్కల్లో) కొన్ని 4 జీబీ హద్దుకు దగ్గర పడ్డాయి. 4 జీబీ దాటిన డీఎస్‌సైజ్ (ఒక పార్టిషన్ గరిష్ఠ సైజు) కావాలంటే డేటాసెట్‌కు, అంటే మెయిన్‌ఫ్రేమ్ ఫైలుకు, ఎక్స్‌టెండెడ్ ఫార్మాట్‌తో పాటు వచ్చే ఎక్స్‌టెండెడ్ అడ్రసబిలిటీ ఉండాలి, ఆ లక్షణం ఎస్‌ఎమ్‌ఎస్ కింద ఉన్న డేటాసెట్‌కే దక్కుతుంది. దీనికి తోడు కన్సోల్ మీద డీఎస్‌ఎన్‌పీ007ఐ సందేశం, అంటే డేటాసెట్‌ను పొడిగించడం కుదరలేదన్న కబురు, ఈ మధ్య తరచుగా కనబడుతోంది. అలాంటి ప్రతిసారీ పక్క వాల్యూమ్‌లలో బోలెడు చోటు ఉంటూనే ఉంది. స్టోగ్రూప్ జాబితాలో, అంటే డీబీ2 వాడే వాల్యూమ్‌ల జాబితాలో, ముందున్న వాల్యూమ్‌లు కిక్కిరిసి, వెనుక ఉన్నవి ఖాళీగా పడి ఉన్నాయి. ఎవరో ఒకరు చేత్తో సర్దాల్సి వస్తోంది.

ఒక మాట ఇక్కడే రాసి పెట్టుకోవడం మంచిది. డీబీ2కు ఒక స్టోరేజ్ గ్రూపు ఉంది, ఎస్‌ఎమ్‌ఎస్‌కు ఇంకొకటి ఉంది, రెండూ వేరు. ఈ డైరీలో మొదటిదాన్ని స్టోగ్రూప్ అనీ, రెండోదాన్ని పూల్ అనీ రాస్తాను.

జూన్, రెండో వారం

ఉన్నదేమిటో తెలియకుండా ప్రణాళిక వేయడం కుదరదు కనుక ఈ వారమంతా జాబితాకే సరిపోయింది. ఐడీక్యామ్స్ అనే ఫైళ్ల నిర్వహణ ప్రోగ్రామ్‌లోని డీకలెక్ట్ ఆదేశంతో ప్రతి వాల్యూమ్ నుంచి వివరాలు తెచ్చాము. అందులో డీ రికార్డులు డేటాసెట్లవి, ‘ఏ’ రికార్డులు వీశామ్ (డీబీ2 డేటాసెట్లు వాడే ఫైలు పద్ధతి) భాగాలవి, వీ రికార్డులు వాల్యూమ్‌లవి. రెండో వైపు నుంచి డీబీ2 కేటలాగ్‌ను అడిగాము. సిస్‌టేబుల్‌పార్ట్, సిస్‌ఇండెక్స్‌పార్ట్ టేబుళ్లలో స్టోర్‌టైప్ అనే కాలమ్ ఉంటుంది: ఐ అని ఉంటే డేటాసెట్‌ను డీబీ2యే స్టోగ్రూప్ ద్వారా సృష్టించింది, ‘ఈ’ అని ఉంటే ఎవరో ఐడీక్యామ్స్ జాబ్ రాసి చేత్తో సృష్టించారు. సిస్‌వాల్యూమ్స్ టేబుల్‌లో ఏ స్టోగ్రూప్‌కు ఏ వాల్యూమ్‌లు రాసి ఉన్నాయో తెలుస్తుంది.

ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు కథ బయటపడింది. యంత్రంలో ఎప్పుడో తీసేసిన వాల్యూమ్‌ల పేర్లు సిస్‌వాల్యూమ్స్‌లో ఇంకా ఉన్నాయి. చేత్తో సృష్టించిన డేటాసెట్లు కొన్ని ఉన్నాయి. వాటికి సంబంధించిన జాబులు ఏ లైబ్రరీలో ఉన్నాయో సంస్థలో చెప్పగలిగిన మనిషి లేడు. డ్రాప్ అయిపోయిన టేబుళ్లవి అనిపించే డేటాసెట్లు కూడా వాల్యూమ్‌ల మీద మిగిలి ఉన్నాయి. వాటిని తరలించే ప్రసక్తి లేదు, తేల్చి తుడిచేయాలి. ఈ జాబితా ఒక్కటీ చేసి ప్రాజెక్టు ఆపేసినా సంస్థకు లాభమే అన్నది నా అభిప్రాయం.

వాల్యూమ్ సైజు లెక్క కూడా ఈ వారమే వేశాము. 3390 డిస్క్ మీద 4కే పేజీలు ఒక ట్రాక్‌కు 12, సిలిండర్‌కు 15 ట్రాకులు, అంటే సిలిండర్‌కు 180 పేజీలు, 720 కేబీ. నిండు 4 జీబీ పార్టిషన్‌కు 5,826 సిలిండర్లు కావాలి. పాత మోడల్ 3 వాల్యూమ్‌లో ఉండేవి 3,339 సిలిండర్లే. అలాంటి పార్టిషన్ ఒకదానిలో పట్టదు, రెండు వాల్యూమ్‌ల మీద సాగాల్సిందే. మా దగ్గర ఇంకా ఆ సైజు వాల్యూమ్‌లే ఎక్కువ. మోడల్ 9లో 10,017 సిలిండర్లు ఉంటాయి కనుక అందులో సులువుగా పడుతుంది. కొత్త పూల్‌కు 65,520 సిలిండర్లు దాటిన ఎక్స్‌టెండెడ్ అడ్రస్ వాల్యూమ్‌లనే అడుగుదామని నిర్ణయించాము. అక్కడ ఒక మెలిక ఉంది: ఆ హద్దుకు పైనున్న చోటును 21 సిలిండర్ల దిమ్మలుగా ఇస్తారు. అయితే ఎస్‌ఎమ్‌ఎస్‌లో బ్రేక్‌పాయింట్ విలువ మామూలుగా 10 సిలిండర్లు, దానికన్నా చిన్న కోరికలను వ్యవస్థ కింది భాగంలోనే సర్దడానికి చూస్తుంది. మా దగ్గర ఒక్క సిలిండర్‌తో సరిపెట్టుకునే కోడ్ టేబుళ్లు వందల కొద్దీ ఉన్నాయి కాబట్టి ఈ విషయం తెలిసి ఉండటం మేలు.

జూన్, నాలుగో వారం

ఈ వారం జరిగిన చర్చ ఈ ప్రాజెక్టుకు ఆయువుపట్టు. స్టోరేజీ చూసే మా సీనియర్ గుంటూరు నుంచి రోజూ వస్తారు. వారధి మీద ట్రాఫిక్ నిలిచిన రోజున మీటింగ్ ఆలస్యంగా మొదలవుతుంది, ఆలస్యమైన మీటింగులోనే ఎందుకో అసలు మాటలు వస్తాయి. మా డీబీఏ (డేటాబేస్ చూసేవారు) అడిగారు: "పార్టిషన్లు ఏ001, ఏ002 రెండూ ఒకే వాల్యూమ్ మీద పడితే రాత్రి బ్యాచ్ సంగతి ఏమిటండీ? ఇన్నేళ్లూ వాటిని వేర్వేరుగా పెట్టుకుంటూ వచ్చాం కదా."

ఆయన చెప్పింది ఇదీ: "వాల్యూమ్ అనేది ఇప్పుడు పేరుకే ఉందమ్మా. కింద ఉన్న డిస్కుల్లో మీ ఏ001 ఎప్పుడో పది చోట్లకు పంచబడింది. రెండు పార్టిషన్లు ఒకే వాల్యూమ్ మీద ఉన్నా ఐఓలు (చదవడం, రాయడం) వరసలో నిలబడవు, పీఏవీ ఉన్నది అందుకే."

ఆయన మాట నిజమే. ఒక వాల్యూమ్‌కు ఒకసారి ఒకే ఐఓ వెళ్లగలిగిన కాలంలో వేడి (ఎక్కువ వాడకమున్న) పార్టిషన్లను విడదీయడం డీబీఏ ముఖ్య విధుల్లో ఒకటి. డేటాను చాలా డిస్కులకు పంచే రెయిడ్, ఒకే వాల్యూమ్‌కు ఒకేసారి ఎన్నో ఐఓలు పంపనిచ్చే పారలల్ యాక్సెస్ వాల్యూమ్‌లు (పీఏవీ) వచ్చాక ఆ కారణం చాలావరకు పోయింది, అలవాటు మిగిలింది. కాబట్టి అప్లికేషన్ డేటా విషయంలో చేతి పట్టు వదిలేయవచ్చు. అయితే వేగం కోసం విడదీయడం వేరు, నష్టం జరిగినప్పుడు రెండూ ఒకేసారి పోకుండా విడదీయడం వేరు. మొదటిదానికి కాలం చెల్లింది, రెండోదానికి చెల్లలేదు. యాక్టివ్ లాగ్ (ఇప్పుడు రాస్తున్న లాగ్) మొదటి ప్రతి, రెండో ప్రతి ఒకే వాల్యూమ్ మీద పడితే రెండు ప్రతులు పెట్టుకున్న ప్రయోజనమే ఉండదు. రెండు బీఎస్‌డీఎస్‌లకూ ఇదే వర్తిస్తుంది. టేబుల్‌స్పేస్, దాని ఇమేజ్ కాపీ (బ్యాకప్ ప్రతి) ఒకే పూల్‌లో ఉండకూడదు. ఎస్‌ఎమ్‌ఎస్‌కు ఈ బంధుత్వాలేవీ తెలియవు. దానికి ఇవన్నీ చోటు అడుగుతున్న డేటాసెట్లు, అంతే. ఏది ఏదాని పక్కన ఉండరాదో మనం చెప్పకపోతే అది తన లెక్క ప్రకారం ఖాళీ ఉన్న చోట పెట్టేస్తుంది.

అందుకని ఆ రోజు బోర్డు మీద "ఏది ఎక్కడ ఉండాలి" అన్న శీర్షిక చెరిపి "ఏవి కలిసి ఉండకూడదు" అని రాసి, అక్కడి నుంచి పూల్‌ల పట్టిక వేశాము. అప్లికేషన్ డేటాకు ఒక పూల్. కేటలాగ్, డైరెక్టరీలకు ఇప్పుడున్న పూల్. లాగ్ మొదటి ప్రతికీ మొదటి బీఎస్‌డీఎస్‌కూ ఒకటి, రెండో ప్రతులకు మరొకటి. ఆర్కైవ్ లాగులకూ (నిండిన లాగుల ప్రతులకూ) ఇమేజ్ కాపీలకూ వేరే పూల్‌లు. సార్ట్ పనులకు వాడే డీఎస్‌ఎన్‌డీబీ07కు చిన్నది. అప్లికేషన్ల వారీగా ఇరవై పూల్‌లు కావాలని క్లయింట్ వైపు నుంచి ఒక సూచన వచ్చింది. దానికి ఒప్పుకోలేదు. పూల్‌లు ఎన్ని ముక్కలైతే ఒక చోట కరువు, ఇంకొక చోట వృథా అన్న పాత జబ్బే కొత్త పేరుతో తిరిగి వస్తుంది.

లాగులకు గ్యారంటీడ్ స్పేస్ ఉన్న స్టోరేజ్ క్లాస్ (డేటాసెట్‌కు ఎలాంటి చోటు కావాలో చెప్పే పట్టీ) ఇచ్చి వాల్యూమ్ పేరు మనమే చెప్పే దారి కూడా ఉంది. ఆ దారిలో వాల్యూమ్‌ల పేర్లు మళ్లీ జాబుల్లోకి చేరతాయి, పదేళ్ల తర్వాత వాటిని వెతికే పని ఇంకొకరి నెత్తిన పడుతుంది. రెండు వేర్వేరు పూల్‌లు ఉంటే అదే రక్షణ పేరు రాయకుండానే దొరుకుతుంది కనుక గ్యారంటీడ్ స్పేస్‌ను పక్కన పెట్టాము.

జూలై, మొదటి వారం

ఏసీఎస్ రొటీన్ల వారం, అంటే కొత్త డేటాసెట్ ఎటు పోవాలో ఎస్‌ఎమ్‌ఎస్‌కు చెప్పే ప్రోగ్రాముల వారం. డేటా క్లాస్, స్టోరేజ్ క్లాస్, మేనేజ్‌మెంట్ క్లాస్, స్టోరేజ్ గ్రూప్ అనే నాలుగు రొటీన్లు ఆ వరసలోనే నడుస్తాయి. వీటిలో అసలు తాళం రెండోదాని చేతిలో ఉంది: స్టోరేజ్ క్లాస్ ఖాళీగా వస్తే ఆ డేటాసెట్ ఎస్‌ఎమ్‌ఎస్ కిందకు రాదు, ఏదో ఒక పేరు వస్తే వస్తుంది.

డీబీ2 విషయంలో రొటీన్‌కు ఆధారం డేటాసెట్ పేరు తప్ప మరేమీ కాదని మొదటి పరీక్షలోనే స్పష్టమైంది. మిగతా ఫైళ్లకు జాబ్ పేరు, యూజర్ పేరు చూసి నిర్ణయించే వరసలు మా రొటీన్లలో పాతవి ఉన్నాయి. టేబుల్‌స్పేస్ డేటాసెట్‌ను సృష్టించేది డీబీ2 అడ్రస్ స్పేస్ (డీబీ2 నడిచే మెమరీ చోటు) కాబట్టి, రీఆర్గ్ (డేటాను తిరగరాసి క్రమపరిచే) జాబ్ ఎవరు వేసినా రొటీన్‌కు కనిపించేది ఆ అడ్రస్ స్పేసే. ఆ పాత వరసలు డీబీ2 డేటాసెట్ల జోలికి రాకుండా మన వరసలను వాటికి పైన పెట్టాము.

పేరు నిర్మాణం ఆరు ముక్కలు. మొదటిది ఇంటిపేరు లాంటిది, స్టోగ్రూప్‌లో వీక్యాట్‌గా ఇచ్చినదే ఇక్కడికి వస్తుంది. రెండోది డీఎస్‌ఎన్‌డీబీసీ, మూడోది డేటాబేస్ పేరు, నాలుగోది టేబుల్‌స్పేస్ లేదా ఇండెక్స్‌స్పేస్ పేరు, ఐదోది ఐ0001, ఆరోది ఏ001. చివరి రెండు ముక్కల దగ్గరే పేర్లను పోల్చే ఫిల్టర్లు బోల్తా కొడతాయి. టెస్ట్ సిస్టమ్‌లో ఎవరో ఎప్పుడో రాసి పెట్టిన ఫిల్టర్ ఒకటి ఐదో ముక్క ఐ0001 అయితేనే ఒప్పుకుంటోంది. ఆన్‌లైన్ రీఆర్గ్ నీడ డేటాసెట్‌ను (అసలుదాని పక్కన కట్టే కొత్త ప్రతిని) జే0001 అనే పేరుతో సృష్టించి, పని పూర్తయ్యాక దాన్నే అసలుదిగా స్వీకరిస్తుంది. మరుసటి రీఆర్గ్‌లో మళ్లీ ఐ అవుతుంది. ఆ ఫిల్టర్‌తో ప్రొడక్షన్‌కు వెళ్లి ఉంటే టేబుల్‌స్పేస్ ఒక రీఆర్గ్‌కు ఎస్‌ఎమ్‌ఎస్‌లోకి, తర్వాతి రీఆర్గ్‌కు బయటకు ఊగుతూ ఉండేది. క్లోన్ టేబుళ్లు (అదే నిర్మాణంతో పెట్టుకున్న జంట టేబుళ్లు) ఉంటే 0001 కాస్తా 0002 కూడా కావచ్చు. ఆరో ముక్కకు కూడా ‘ఏ’ అక్షరమే మొదలని అనుకోరాదు: 999 పార్టిషన్ల వరకు ఏ001 నుంచి ఏ999, వెయ్యోది బీ000, అలా 4096వ పార్టిషన్‌కు ఈ096. మా క్లెయిముల టేబుల్ ఇంకా అంత దూరం వెళ్లలేదు, కాని ఫిల్టర్ రాసేది ఈ ఏడాదికి మాత్రమే కాదు గదా. చివరికి ఐదు, ఆరు ముక్కలను ఫిల్టర్ నుంచి పూర్తిగా తీసేసి, రెండో ముక్క మీద, మూడో ముక్కలోని డేటాబేస్ పేర్ల జాబితా మీద మాత్రమే నిర్ణయం ఉంచాము.

డీకలెక్ట్ ఇచ్చిన పేర్లన్నిటినీ నావీక్వెస్ట్ అనే పరీక్షా సాధనం ద్వారా గంపగుత్తగా పరీక్షకు పెట్టి, ఏ పేరుకు ఏ క్లాస్, ఏ పూల్ వచ్చిందో చూశాము. ఒక్కొక్క పేరూ ఎస్‌ఎమ్‌ఎస్ అమరికలు చూసే ఐఎస్‌ఎమ్‌ఎఫ్ తెర మీద టైపు చేసి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఇంతా చేసి ఆ పరీక్ష చెప్పేది రొటీన్ ఏ జవాబిస్తుందన్నదే. ఆ పూల్‌లో చోటు ఉందా లేదా అన్నది దాని పరిధిలోనిది కాదు.

జూలై, మూడో వారం

శాకంబరి ఉత్సవాల రద్దీ వల్ల వన్‌టౌన్ వైపు నుంచి వచ్చే ఇద్దరూ ఈ వారం ఇంటి నుంచే పనిచేశారు. తరలింపు పద్ధతి ఏదన్నది ఈ వారం తేలింది.

డీఎఫ్‌ఎస్‌ఎమ్‌ఎస్‌డీఎస్‌ఎస్ (క్లుప్తంగా డీఎస్‌ఎస్) అనే డేటా తరలింపు ప్రోగ్రామ్‌లో కన్వర్ట్‌వీ అనే ఆదేశం ఉంది. డేటాను కదపకుండా, ఉన్న వాల్యూమ్‌నే ఉన్నట్టుగా ఎస్‌ఎమ్‌ఎస్ కిందకు మారుస్తుంది. క్లయింట్ వాళ్లకు అది మొదట చాలా నచ్చింది, ఎందుకంటే డేటా కదలదు, చోటు అదనంగా అక్కరలేదు, పని త్వరగా అయిపోతుంది. టెస్ట్ అనే పదం జోడించి నడిపితే ఏమీ మార్చకుండా అర్హతల నివేదిక మాత్రమే ఇస్తుంది. నడిపి చూస్తే యంత్రం కేటలాగ్‌లో నమోదు కాని డేటాసెట్లు వరసగా అడ్డం వచ్చాయి. వీటిలో చాలావరకు జూన్ జాబితాలో మేము పక్కన పెట్టిన అనాథలే.

అవి తుడిచేసినా ఈ పద్ధతి మాకు పనికిరాదని మూడు కారణాల వల్ల వాదించాను. కన్వర్ట్‌వీ వాల్యూమ్‌ల లెక్కన నడుస్తుంది, మేము డేటాబేసుల లెక్కన నడవాలనుకుంటున్నాము. మా దగ్గర ఒక్కొక్క వాల్యూమ్ మీద ఎన్నో డేటాబేసుల డేటాసెట్లు కలగలిసి ఉన్నాయి. ఒక వాల్యూమ్ మారి, అదే స్టోగ్రూప్‌లోని పక్క వాల్యూమ్ మారకపోతే కొత్త కేటాయింపులు ఎటు పోతాయన్న తలనొప్పి అదనం. అన్నిటికన్నా ముఖ్యం, ఉన్నచోట మారిన డేటాసెట్‌కు ఎక్స్‌టెండెడ్ ఫార్మాట్ రాదు. అంటే ఈ ప్రాజెక్టుకు మూలమైన 4 జీబీ సమస్య అలాగే ఉండిపోతుంది, దానికోసం ఎలాగూ రీఆర్గ్ చేయాలి. చేయక తప్పని రీఆర్గే తరలింపును కూడా చేసిపెడుతుంటే మధ్యలో కన్వర్ట్‌వీ దేనికి?

ఆన్‌లైన్ రీఆర్గ్ నీడ డేటాసెట్‌ను కొత్తగా సృష్టిస్తుంది. కొత్తగా సృష్టించడం అంటే ఏసీఎస్ రొటీన్లు నడుస్తాయి, డేటా క్లాస్ నుంచి ఎక్స్‌టెండెడ్ ఫార్మాట్ వస్తుంది, కొత్త పూల్‌లో చోటు దొరుకుతుంది. చివర్లో మార్పిడి జరిగాక పాత డేటాసెట్ తొలగిపోతుంది. ఈ మార్పిడికి అప్లికేషన్ కొద్దిసేపే ఆగుతుంది. క్లెయిముల టేబుల్‌ది యూనివర్సల్ రకం టేబుల్‌స్పేస్ కనుక డీఎస్‌సైజ్ మార్పును ఆల్టర్ ఆదేశంతో ముందుగా నమోదు చేసి ఉంచవచ్చు. అది పెండింగ్‌లో ఉండి, మొత్తం టేబుల్‌స్పేస్‌ను రీఆర్గ్ చేసినప్పుడు అమల్లోకి వస్తుంది. ఒక పార్టిషన్‌ను మాత్రమే రీఆర్గ్ చేస్తే అమలు కాదు. అందుకని ఈ ఒక్క టేబుల్‌కు పెద్ద విండో (పనికి కేటాయించే సమయం) అడిగాము. ఏళ్ల తరబడి ఎవరూ రాయని పాత పాలసీల టేబుల్‌స్పేసులకు రీఆర్గ్ ఖర్చు దండగ. వాటిని ఆపి ఉంచి డీఎస్‌ఎస్ కాపీతో కొత్త చోటుకు చేర్చి పాతది తీసేస్తాము. చేత్తో సృష్టించిన డేటాసెట్లను ముందు స్టోగ్రూప్ కిందకు తెచ్చాకే ఈ వరసలో కలుపుతాము.

చోటు లెక్క ఇక్కడ మళ్లీ ఎదురైంది. రీఆర్గ్ జరుగుతున్నంతసేపు పాతది, కొత్తది రెండూ ఉంటాయి. పాతవి పాత వాల్యూమ్‌ల మీదే ఉంటాయి కాబట్టి తరలింపు రోజున ఇబ్బంది లేదు. ఆ తర్వాత జరిగే మామూలు రీఆర్గులకు మాత్రం నీడ కూడా కొత్త పూల్‌లోనే పడుతుంది. అతిపెద్ద టేబుల్‌స్పేస్‌కు నీడ పట్టేంత ఖాళీ ఎప్పుడూ మిగిలి ఉండేలా పూల్ పై హద్దును పెట్టాలి. పై హద్దు దాటిన వాల్యూమ్ తిరస్కరణకు గురికాదు, ఎంపికలో వెనక్కి వెళుతుంది. అందువల్ల హద్దు పెట్టాము కదా అని చోటు చూడటం మానేయరాదు.

ఆగస్టు, రెండో వారం

అమలు క్రమంలో ఒక విషయం మాకు చాలా కలిసి వచ్చింది. గ్యారంటీడ్ స్పేస్ లేని స్టోరేజ్ క్లాస్ వచ్చినప్పుడు, స్టోగ్రూప్ ఇచ్చిన వాల్యూమ్ పేర్లను ఎస్‌ఎమ్‌ఎస్ పట్టించుకోదు. అంటే స్టోగ్రూప్‌లలో ఏమీ మార్చకుండానే, స్టోరేజ్ క్లాస్ రొటీన్‌లోని జాబితాలో ఒక డేటాబేస్ పేరు చేర్చితే చాలు, దాని తర్వాతి రీఆర్గ్ దాన్ని కొత్త పూల్‌కు తీసుకుపోతుంది. జాబితాలో లేని డేటాబేసులు అదే స్టోగ్రూప్‌తో పాత వాల్యూమ్‌ల మీదే కొనసాగుతాయి.

దీన్ని తలకిందులుగా చేస్తే చిక్కే. స్టోగ్రూప్‌లోని వాల్యూమ్ పేర్లు తీసేసి ముందే నక్షత్రం గుర్తు (వాల్యూమ్ ఎంపిక ఎస్‌ఎమ్‌ఎస్‌దే అని) పెడితే, ఇంకా జాబితాలోకి రాని డేటాబేస్‌కు కొత్త డేటాసెట్ కావలసి వచ్చినప్పుడు అటు ఎస్‌ఎమ్‌ఎస్ లేదు, ఇటు వాల్యూమ్ పేరూ లేదు, డిఫైన్ (డేటాసెట్ సృష్టి) విఫలమవుతుంది. ఒకే స్టోగ్రూప్‌ను అరడజను అప్లికేషన్లు పంచుకుంటున్న మా దగ్గర ఇది ఏ అర్ధరాత్రో బయటపడేది. కాబట్టి ఆల్టర్ స్టోగ్రూప్ అన్నిటికన్నా చివరి మెట్టు: ఆ స్టోగ్రూప్ వాడే డేటాబేసులన్నీ లోపలికి వచ్చాకే పేర్లు తీసి నక్షత్రం పెట్టాలి. అప్పుడు సిస్‌వాల్యూమ్స్‌లోని చచ్చిన వాల్యూమ్ పేర్లు కూడా వాటంతట అవే పోతాయి.

వెనక్కి తగ్గే దారి కూడా రాసుకున్నాము. ప్రతి మార్పుకు ముందు ఎస్‌సీడీఎస్ (ఎస్‌ఎమ్‌ఎస్ అమరికలు ఉండే ఫైలు) ప్రతి తీసి ఉంచడం, రొటీన్ తేడా చేస్తే సెట్‌ఎస్‌ఎమ్‌ఎస్ ఆదేశంతో పాత ఎస్‌సీడీఎస్‌ను చైతన్యపరచడం. అప్పటికే లోపలికి వెళ్లిన టేబుల్‌స్పేసులు లోపలే ఉంటాయి, వాటికి నష్టం లేదు; వెనక్కి తేవాలంటే మళ్లీ రీఆర్గ్.

మేనేజ్‌మెంట్ క్లాసుల (బ్యాకప్, మైగ్రేషన్ నియమాల పట్టీల) మీద పెద్ద చర్చ జరగలేదు. ప్రొడక్షన్ డేటాకు, లాగులకు, బీఎస్‌డీఎస్‌లకు హెచ్‌ఎస్‌ఎమ్ మైగ్రేషన్ (వాడనివాటిని చవక నిల్వకు పంపడం) వద్దు, హెచ్‌ఎస్‌ఎమ్ బ్యాకప్ వద్దు, ఖాళీ చోటు కత్తిరించడం వద్దు. బ్యాకప్ అన్నది డీబీ2 తన లాగ్‌తో జత చేసి చేసుకునే పని. టెస్ట్ డేటాబేసులకు మాత్రం వాడకం లేనివాటిని మైగ్రేట్ చేయనిస్తాము. అలాంటి టేబుల్‌ను ఎవరైనా తెరిస్తే రీకాల్ పరామితి వల్ల డీబీ2 తానే వెనక్కి రప్పిస్తుంది, రీకాల్‌డీ మామూలు విలువ 120 సెకన్ల వరకు ఎదురుచూస్తుంది. టెస్టర్లు గొణుగుతారు, ఫరవాలేదు.

ఆగస్టు, నాలుగో వారం

లాగుల సంగతి అనుకున్నదానికన్నా లోతుగా పోయింది. ఈ సంస్థ ముందుముందు డీబీ2 మొత్తాన్ని ఒకేసారి కాపీ తీసే బ్యాకప్ సిస్టమ్ యుటిలిటీ వాడాలనుకుంటోంది. దానికి రెండు కాపీ పూల్‌లు (కలిపి కాపీ తీసే పూల్‌ల గుంపులు) కావాలి, డేటాకు ఒకటి, లాగుకు ఒకటి. డీబీ2 లొకేషన్ పేరుతో కలిపి డీబీ అని ముగిసేది మొదటిది, ఎల్‌జీ అని ముగిసేది రెండోది. డేటా పూల్‌లు, లాగ్ పూల్‌లు ఒకదానితో ఒకటి కలవకూడదన్నది మా పట్టికలో ముందే ఉంది. లేనిది కేటలాగుల విభజన. డేటా కాపీ పూల్‌లోనే డేటా తాలూకు యూజర్ కేటలాగ్ (డేటాసెట్లు ఎక్కడున్నాయో యంత్రం చూసుకునే సూచీ; డీబీ2 కేటలాగ్ వేరు) కూడా ఉంటుంది, రిస్టోర్ చేసినప్పుడు అది కూడా పాత స్థితికి వెళుతుంది. లాగులు కూడా అదే కేటలాగ్‌లో నమోదై ఉంటే, బ్యాకప్ తర్వాత పుట్టిన లాగ్ డేటాసెట్ల జాడ ఆ కేటలాగ్‌లో ఉండదు; సరిగ్గా వాటితోనే కదా రికవరీ ముందుకు నడవాల్సింది.

మా దగ్గర లాగులకూ డేటాకూ మొదటి ముక్క ఒకటే, కాబట్టి అలియాస్ (మొదటి ముక్కను ఒక కేటలాగ్‌కు కట్టే పేరు) ఒకటే, కేటలాగ్ ఒకటే. మల్టీలెవెల్ అలియాస్‌తో (ఒకటికి మించి ముక్కలు చూసే అలియాస్‌తో) సర్దుబాటు చేయవచ్చునని ఒక ప్రతిపాదన వచ్చింది గాని అది యంత్రమంతటికీ వర్తించే మార్పు, మా ఒక్క పని కోసం దాన్ని కదిలించడం సమంజసంగా తోచలేదు. లాగులకు, బీఎస్‌డీఎస్‌లకు కొత్త మొదటి ముక్క ఇచ్చి, దానికి వేరే యూజర్ కేటలాగ్ కట్టాలని నిర్ణయించాము. ఏసీఎస్‌కు కూడా ఇదే మేలు: లాగ్‌కాపీ1, లాగ్‌కాపీ2 అన్న ముక్క చూసి ఏ ప్రతి ఏ పూల్‌కో ఒక్క వరసలో తేలిపోతుంది.

అమలు ఇలా: కొత్త యాక్టివ్ లాగ్ డేటాసెట్లను ముందే సృష్టించి, డీఎస్‌ఎన్‌జేఎల్‌ఓజీఎఫ్‌తో ఫార్మాట్ చేసి ఉంచుతాము. సెట్ లాగ్ న్యూలాగ్ ఆదేశంతో డీబీ2 నడుస్తుండగానే రెండు ప్రతుల్లోనూ వాటిని చేర్చవచ్చు. పాతవాటిని జాబితా నుంచి తీసేయడం, బీఎస్‌డీఎస్‌లను కొత్త పేర్లతో కొత్త పూల్‌లకు మార్చి మాస్టర్ అడ్రస్ స్పేస్ జేసీఎల్ (దాన్ని నడిపే ఆదేశాలు) దిద్దడం మాత్రం డీబీ2ను దించినప్పుడే చేస్తాము. ఆర్కైవ్ లాగ్ పేర్ల ముందు భాగం పరామితుల్లో మారాలి. అందుకు క్లయింట్ వాళ్లు ఎలాగూ పెట్టుకునే ఐపీఎల్ (యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టే) విండోలో చోటు అడిగాము, ఇచ్చారు.

సెప్టెంబర్, మొదటి వారం

మొదటి ప్రొడక్షన్ వారాంతానికి సమయపట్టిక ఖరారైంది. అక్కడ శనివారం రాత్రి 11 గంటలంటే మనకు ఆదివారం ఉదయం 8.30, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారం వెనక్కి జరిగాక అదే 9.30 అవుతుంది. దసరా రోజుల్లో విజయవాడలో సగం బృందం సెలవులో ఉంటుంది, మిగతా సగానికి ఊళ్లోకి దారి దొరకదు, కనుక ఆ వారాంతాలను మేమే వద్దని చెప్పాము. ప్రతి విండోకు ఒకరు విజయవాడలో, ఒకరు గుంటూరులో లాగిన్ అయి ఉండాలన్నది ఇంకో నియమం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్లలో ఉన్న రోజులు చూసినవాళ్లకు ఈ నియమం వివరించాల్సిన అవసరం రాలేదు.

మొదట జాబితాలో చేరేవి ఏజెంట్ల కమిషన్ డేటాబేస్, కోడ్ టేబుళ్ల డేటాబేస్. రెండూ చిన్నవి, ఆదివారం వాటిని అడిగేవాళ్లు తక్కువ, అయినా పార్టిషన్లు, ఇండెక్సులు, ఎల్‌ఓబీలు (పత్రాల్లాంటి పెద్ద విలువలు) అన్నీ వాటిలో ఉన్నాయి కాబట్టి ఫిల్టర్‌లో తేడా ఉంటే ఇక్కడే కనిపిస్తుంది. క్లెయిముల డేటాబేస్‌ది వరసలో నాలుగో స్థానం. రీఆర్గ్ అయిన ప్రతి టేబుల్‌స్పేస్‌కు లిస్ట్‌క్యాట్ (కేటలాగ్ వివరాలు చూపే ఆదేశం) చూసి స్టోరేజ్ క్లాస్, డేటా క్లాస్ పేర్లు, ఎక్స్‌టెండెడ్ అన్న గుర్తు సరిపోల్చాలి. సిస్‌టేబుల్‌పార్ట్‌లో ఐప్రిఫిక్స్ కాలమ్ ఐ నుంచి జేకు మారిందో లేదో చూడాలి. ఖాళీ అయిన పాత వాల్యూమ్‌లను వెంటనే పూల్‌లో కలపవద్దని స్టోరేజీ సార్ పట్టుబట్టారు. రెండో వారాంతం సజావుగా గడిచాక ఐసీకేడీఎస్‌ఎఫ్ ప్రోగ్రామ్‌తో మళ్లీ ఇనిట్ చేసి (కొత్తదిగా సిద్ధం చేసి) ఇస్తానన్నారు. కొత్త పూల్‌లోని వాల్యూమ్‌లు ప్రస్తుతానికి డిస్‌ఎన్‌ఈడబ్ల్యూ స్థితిలో, అంటే కొత్త కేటాయింపులు నిషేధించి, ఉన్నాయి. ఆదివారం ఉదయం రొటీన్ చైతన్యపరిచే ముందు వాటిని ఎనేబుల్ చేయడం గుంటూరులో కూర్చునే మనిషి పని.